నష్టం నాదని రాసిన కాగితం

వడ్డీ ముట్టనని చెప్పుకునేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉండేది. మణుగూరు దగ్గర బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్‌ని. చేతిలో నాలుగు పైసలు మిగిలినా బ్యాంకులో డిపాజిట్ చేసేవాణ్ణి కాదు. వడ్డీ తినడం మా ధర్మంలో హరామ్. మా ఆవిడ ఊరుకునేది కాదు.

"బ్యాంకుల ఎయ్యవు, చిట్టీ కట్టవు. బీరువల పెడితే పైసలు పిల్లల్ని పెడతయా?"

మసీదులో ఇమాం సాబ్‌ను అడిగాను. ఎవరి వ్యాపారంలోనైనా పెట్టి, వాళ్లతో పాటు కష్టసుఖాలు పంచుకో అన్నారు. ఒకరి డబ్బు, ఒకరి కష్టం. లాభం వస్తే ముందు అనుకున్న ప్రకారం పంచుకోవాలి. నష్టం వస్తే డబ్బు పెట్టినవాడి డబ్బు పోతుంది, కష్టపడ్డవాడి కష్టం పోతుంది. దానికో అరబ్బీ పేరు కూడా చెప్పారు, నాకు నోరు తిరగలేదు. లెక్క మాత్రం బాగా నచ్చింది.

గనిలో నాతో పాటు కాంట్రాక్టు కూలీగా చేసే ఒకతను ఉండేవాడు. పినపాక అవతల, అడవి అంచున వాళ్ల పల్లె. గోదావరికి దగ్గర్లో నాలుగెకరాల చేను. ఏటా మిర్చి వేసేవాడు, ఏటా ఎరువుల దుకాణంలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పెట్టుబడి తెచ్చేవాడు. పంట అమ్మిన డబ్బు సగం ఆ దుకాణానికే పోయేది. పెట్టుబడి నేనిస్తాను, లాభం చెరి సగం అన్నాను. నష్టం వస్తే నాదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"గిట్ల ఎవడన్న ఇస్తడా భాయ్? నీకేమన్న పిచ్చా ఏంది?"

మొదటి ఏడు మిర్చి విరగకాసింది. ఖమ్మం మార్కెట్‌లో అమ్మి, పైసా తేడా లేకుండా నా పెట్టుబడీ, నా సగం లాభమూ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ శుక్రవారం నమాజులో నా అంత నీతిమంతుడు లేడనుకున్నాను.

రెండో ఏడు మళ్లీ పెట్టుబడి ఇచ్చాను. నారు నాటిన నెలకే గోదావరి ఎగదన్నింది. వారం రోజులు చేను మీద నీళ్లు నిలిచాయి. తీశాక చూస్తే ఒండ్రు తప్ప ఒక్క మొక్క లేదు. గట్టు మీద నిలబడి, పోయింది నా డబ్బే, నువ్వేం దిగులు పెట్టుకోకు అన్నాను. నిజంగానే అన్నాను. అతను తల ఊపాడు.

నెల తిరక్కుండానే డబ్బు మొత్తం తెచ్చి మా ఇంట్లో టేబుల్ మీద పెట్టాడు.

"ఇవి యాడివి?" అన్నాను.

"ఉన్నయ్ తీ భాయ్. జల్దీ లెక్కవెట్టుకో, బస్సు పోతది."

వద్దన్నాను. కానీ అప్పుడు మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఇష్టపడే ఇస్తున్నాడు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. దొంగ మనసు, ఇట్టే సర్దుకుంది. నోట్లు లెక్కపెట్టి బీరువాలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత అతను గనికి రాలేదు. ఖమ్మం మిర్చి యార్డులో హమాలీ పనికి పోయాడని ఎవరో చెప్పారు. అక్కడ కూలి ఎక్కువ కాబోలు అనుకున్నాను. ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం అతని భార్య మా గుమ్మంలో నిలబడింది. లారీ మీద బస్తాలు పేరుస్తూ కింద పడ్డాడని, దవాఖానాలో ఉన్నాడని చెప్పింది. పదివేలు కావాలంది.

"ఎరువుల దుకాణపాయన ఇంక ఇయ్యనన్నడన్నా. నీకు కట్టనీకి తెచ్చిన పైసల మిత్తే ఇంక తేలలే."

వడ్డీ ముట్టని నాకు అతను వడ్డీకి తెచ్చి ఇచ్చాడు. పదివేలూ ఆమె చేతిలో పెట్టి, ఇది అప్పు కాదని చెప్పి, ఆమెతోనే ఖమ్మం బస్సెక్కాను.

నన్ను చూసి మంచం మీది నుంచే నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"నష్టం నాదని రాసిచ్చిన గదరా. ఎందుకు తెచ్చినవ్?"

"నీ కాగితం నీది భాయ్. నేను నీ పైసలు ముత్యాలమ్మ తల్లి ముందర వెట్టి, ముంచనని మాటిచ్చి విత్తనాలు చల్లిన. తల్లికి కాగితం సూపెడితే ఇంటదా?"

"ఆ ముచ్చట నాకు చెప్పొద్దా?"

"నువ్వు అడగలే."

అవును, అడగలేదు. నా ధర్మం గురించి అతనికి గంటల తరబడి చెప్పాను. అతనికీ ఒక ధర్మం ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. నాలుగు రోజులకు అతను పోయాడు.

ఎరువుల దుకాణంలో అతని బాకీ, అసలూ మిత్తీ కలిపి, నేనే కట్టాను. వడ్డీ ఇవ్వడమూ పాపమే అంటారు. ఇమాం సాబ్‌ను అడగలేదు. అడగాలనిపించలేదు.

దినాలు అయిన నెలకు అతని భార్య మళ్లీ వచ్చింది. కొంగు ముడి విప్పి వంద నోట్లు మూడు టేబుల్ మీద పెట్టింది.

"పదివేలకు ఈ నెల మిత్తి అన్నా. అసలు మిర్చి ఏరనీకి పోయి కడత."

"అది అప్పు కాదు చెల్లె. అవి మీ పైసలే. తీసుకపో" అని నోట్లు ఆమె వైపు జరిపాను.

"ఆయన చెప్పిండు. ముందుగాల వద్దంటడు గని, ఇంకోపారి వెడితే తీసుకుంటడు అని."

ఆ మూడు నోట్లూ మళ్లీ నా వైపు జరిపింది.