వారానికోసారి కట్టు

సుందరమ్మ మండవల్లిలో పొద్దున్నే బస్సెక్కి రోజూ కైకలూరు ఆసుపత్రికి వచ్చేది. ఎడమ పాదం కట్టు తడవకుండా చేపల మేత సంచి ముక్క చుట్టుకుని, బెంచీ చివర కూర్చునేది. షుగరు పుళ్లకి కట్టు కోసం ఆ బెంచీ మీదకి వచ్చేవాళ్లలో ఎవరికి ఏ మందో ఆవిడకి కంఠతా వచ్చు: నరసరాజుగారిది తేనె కట్టు, మాస్టారిది వెండి మందు పట్టీ, తనది అయోడిన్. నర్సు ప్రసూన స్కేలు పెట్టి పుండు కొలిస్తే, తన కొలత కంటే ముందు పక్కవాళ్లది అడిగేది. "మాస్టారూ, మీది అర సెంటీమీటరు తగ్గిందటండీ!" "మీ దిష్టి తగలకపోతే ఇంకాస్త తగ్గునమ్మా." ఆ నవ్వులే ఆ రోజుకి మాటలు. ఇంటికెళితే చెరువు మీద మోటారు చప్పుడొక్కటే.

మొన్న సోమవారం ప్రసూన కొత్తరకం కట్టు వేసింది. "దీంతో త్వరగా మానుతుందండీ. ఇక వారానికోసారి వస్తే చాలు." సుందరమ్మ పాదం వైపే చూస్తూ, "పాతదీ మంచిదే కదమ్మా," అంది. "కాలు దక్కాలా, వద్దాండీ?" ఆవిడ తలూపింది. మంగళవారం ఎనిమిదింటికల్లా మళ్లీ బెంచీ చివరే ఉంది. "ఇవాళ మీకు కట్టు లేదు కదండీ!" అంది ప్రసూన. "నాకు లేదులేమ్మా. మాస్టారిది ఎంత తగ్గిందో చూసి పోదామని," అంటూ సుందరమ్మ తన చేతిసంచి పక్కన పెట్టి, ఆయనకి చోటు ఆపింది.