వల విసిరే బొమ్మ

మేడ్చల్ రోడ్డు మీద టైర్ల దుకాణం పైన రెండు గదులుండేవి. వాటినే యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్లు. బయట బోర్డు మీద రెక్కల డ్రాగన్ ఒకటి నిప్పులు కక్కుతుండేది. లోపల మాకు మొదటి రెండు నెలలూ బంతి. అది కింద పడాలి, పైకి లేవాలి, అంతే. సూరారం నుంచీ మచ్చ బొల్లారం నుంచీ బస్సులు మారి వచ్చిన వాళ్లంతా పొద్దంతా కంప్యూటర్ల ముందు బంతిని పడేస్తూ, లేపుతూ కూర్చునేవాళ్లం. నా బంతి మాత్రం పడ్డ చోటే పిడకలా అతుక్కుపోయేది.

సారు నేర్పిందేమీ లేదు. ఎవరో తెల్లాయన మాట్లాడే వీడియో పెట్టేసి, మెట్ల మీదికెళ్లి ఫోన్లో ముచ్చట్లు పెట్టుకునేవాడు. మధ్యలో తల లోపలికి పెట్టి "సమజయిందా?" అనేవాడు. అందరం తలలూపేవాళ్లం. అబద్ధమెందుకు, నేనూ ఊపాను. ఎవరైనా డౌటు అడిగితే "ఫీల్ రావాలె, ఫీల్" అని గుండె మీద చెయ్యేసుకునేవాడు. ఆ ఫీలు ఏ బటన్ నొక్కితే వస్తుందో ఆ మహానుభావుడికే తెలియదు.

నాకైతే నేర్చుకోక తప్పదు. మా బాపు శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. ఇంటర్ అయ్యాక నేను ఈ చదువు చదువుతానంటే ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఈలోపు ఉద్యోగం రాకపోతే, మా ఊరి పటేలు తన పొలాల్లో రాళ్లు పాతించి ప్లాట్లమ్ముతున్న ఆఫీసులో కూర్చోవాలి. అక్కడ పనల్లా కార్లు దిగినవాళ్లకు నీళ్ల సీసా ఇవ్వడం, రంగుల కాగితం చేతిలో పెట్టడం, నవ్వడం. మా వాడకట్టు అమ్మాయిలిద్దరు అప్పటికే అక్కడ నవ్వుతున్నారు. దారిలో వాళ్లు కనిపిస్తే నేను పక్క సందులోకి తిరిగేదాన్ని.

ఏడాది చివర స్టూడియో వాళ్లొచ్చి, మా బొమ్మలు చూసి ఒకరినో ఇద్దరినో తీసుకుంటారని సారు చెప్పాడు. ఇంకేముంది, అందరూ రోబోల మీద పడ్డారు. సొంతంగా చేశారా అంటే అదీ లేదు. ఎక్కడో దొరికిన వీడియో మీద గీతకు గీత దిద్దేసి, కాలర్లు ఎగరేశారు. చూస్తుంటే ఒళ్లు మండేది. నేను వీళ్లలాంటి దాన్ని కాదనుకుని, వల విసిరే మనిషిని మొదలుపెట్టాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కదా, మళ్లీ వెళ్లి చూసేదేముందని ఇన్‌స్టిట్యూట్‌లోనే కూర్చుని చేసేశాను. నా మనిషి రెండు చేతులా వలెత్తి, నడుం తిప్పి విసురుతాడు. వల గొడుగులా విచ్చుకుంటుంది. "వారెవ్వా, మస్తు స్మూత్‌గొచ్చింది" అన్నాడు సారు. నాలుగు రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇంట్లో బాపుకు ఫోన్లో చూపించాను. దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"వల అంచు నోట్లె లేదేంది బిడ్డా?" అన్నాడు.

"నోట్లో ఎందుకు?"

"పండ్లతోని కరిసి పట్టకపోతే వల ఎట్ల ఇచ్చుకుంటది? రెండు చేతులు సాలుతయా? గీయన వల ఇసురుతలేడు, దుప్పటి దులుపుతుండు."

అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. ఇన్నేళ్లు ఆయన తెచ్చిన చేపలు తిన్నాను. ముళ్లెక్కువున్నాయని సణిగాను కూడా. వల అంచు పళ్లతో పట్టుకుంటాడన్నది మాత్రం నా కంట పడలేదు. లోకాన్నంతా వెక్కిరిస్తూ తిరిగిన దాన్ని, ఇంట్లో మనిషిని చూడటం రాదు నాకు. థూ, నా మొహం!

మర్నాడు పొద్దున్నే ఆయన వెంట చెరువుకు వెళ్లాను. వీడియో తీస్తానంటే ఉతికిన చొక్కా తొడుక్కొచ్చాడు. ఆ రోజు చేపల సంగతి మరిచి, నా కోసమే పదిసార్లు విసిరాడు. తాడు ఎడమ మణికట్టుకు కట్టుకుంటాడు. సగం వల మోచేతి మీద వేసుకుని, అంచు పళ్ల మధ్య పట్టుకుంటాడు. ముందు తిరిగేది నడుం కాదు, మడమ. తడిసిన వల బరువుకు భుజం కిందికి దిగిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, మొహం వికారంగా మారుతుంది. అన్నిటికన్నా చివర నోరు వదులుతుంది. ఇదంతా బొమ్మలోకి తేవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేను సరిగ్గా చేసిన పని ఇప్పటిదాకా అదొక్కటే. బాపు చూసి, "అరె, నేనే!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. తన బొమ్మ టీవీలో వస్తుందని చెరువు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు.

స్టూడియో ఆయన సెంటు వాసనతో వచ్చాడు. నా బొమ్మ సగం కూడా చూడకముందే, "నోట్లో ఏంటది? గుడ్డ నములుతున్నాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మా సారు. నవ్వుతూనే జల్దీ జల్దీ నా పాత బొమ్మ పెట్టాడు.

"ఆ, ఇదీ! నీట్‌గా ఉంది. ఇది నీదే అయితే సోమవారం వచ్చి చేరిపో. మా పేజీలో కూడా పెడతాం" అన్నాడాయన.

వల అట్లా విసరరు సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ల సీసాలు, ఆ ఇద్దరమ్మాయిల నవ్వులు కళ్ల ముందు తిరిగాయి. "నాదే సార్" అన్నాను. రోబోలు దిద్దినవాళ్లను అన్నేసి మాటలన్న నోరే ఇది.

ఉద్యోగం వచ్చిందనీ, ఫలానా స్టూడియో అనీ మాత్రమే ఇంట్లో చెప్పాను. ఏ బొమ్మకు వచ్చిందో చెప్పలేదు. ఆ ఆదివారం బాపు తన బొమ్మ చూపిస్తానని మత్స్యకారుల సంఘం వాళ్లను ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లలో ఒక పెద్దాయన తన ఫోన్లో స్టూడియో పేజీ అప్పటికే తెరిచి పట్టుకున్నాడు. "ఆగు కాకా, అది కాదు" అనేలోపే దుప్పటి దులిపేవాడు ప్రత్యక్షమయ్యాడు. ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

"గీడు నువ్వేనారా? నలభై ఏండ్ల సంది ఇసురుతున్నవ్, వల పట్టుడే మర్సిపోయినవా?" అన్నాడు పెద్దాయన.

బాపు ఫోన్ తీసుకుని బొమ్మ చివరిదాకా చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"నేనే" అన్నాడు. "గా దినం పన్ను సలుపుతుండె, నోట్లె పట్టలే. బిడ్డ ఉన్నదున్నట్టు జేసింది."