వాపస్ కంబలి

చిల్పూరు బుగులు వెంకన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి ముక్కా నిజం.

మా మిలిటరీ స్టోరు సుబేదారు మా జనగామవాడే. ఏ వస్తువు కనబడినా చూపుడువేలితో తట్టి, "గిది వాపస్ వచ్చేదా, రానిదా?" అనేవాడు; అంటే, జవానుకు ఇచ్చాక స్టోరుకు తిరిగి రావాలా, అక్కర్లేదా అని. బూట్లు రానివి, కంబళ్లు వచ్చేవి. ఎవరి పెళ్లికో వెళ్లి చదివింపుల బిందెనూ అలాగే తట్టాడు. అంత దరిద్రపు వేలు నేనింకెక్కడా చూడలేదు.

సరిహద్దులో చనిపోయిన ఒక జవాను శవపేటిక వెంట మేమిద్దరం రఘునాథపల్లి దగ్గరి తండాకు వచ్చాం. పెట్టె తెరవగానే, కొడుకు మీద కప్పిన కంబలిని తల్లి రెండు చేతులా పట్టుకుంది. సుబేదారు దాన్ని వేలితో తట్టాడు.

"అవ్వా, గిది వాపస్ పోవాలె. జర ఇడువు."

"నా కొడుక్కు సలి ఎక్కువ బిడ్డా. గిది గూడ గుంజుకపోతవా?"

"నేనేం జెయ్యాలె? రూలు గట్లుంది."

నాకు ఒళ్లు మండింది. "గిది రానిది సాబ్, రాసుకోండ్రి!" అని కంబలిని జవాను గడ్డం దాకా కప్పేశాను. తండా అంతా చూస్తుండగా సుబేదారు తల దించుకున్నాడు.

ఒట్టు పెట్టాను గనక ఒప్పుకోవాలి: నేను ఎదురుతిరిగిన ముక్క కల్పన. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, కంబలి మడతపెట్టి వ్యాన్‌లో వేసింది నేనే. సుబేదారు తట్టాడు, అంతే.