కారం డబ్బాకు తాళం

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. మా ఇంట్లో రోగి కోరింది గోంగూర పచ్చడి, వైద్యుడు చెప్పింది పాలూ మజ్జిగాను. రోగి మా నాన్న. ప్రత్తిపాడు పక్కన నాలుగెకరాల్లో మిరప పండించే మనిషి. కడుపులో పుండు ముదిరి ఒకరోజు చేలోనే నెత్తురు కక్కుకుంటే గుంటూరు తీసుకెళ్ళాం. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు అమ్మనీ నన్నూ పక్కకి పిలిచారు.

"కారం, పులుపు, పచ్చళ్ళు ముట్టుకోకూడదు. మెత్తగా, చప్పగా పెట్టండి. మళ్ళీ నెత్తురు పడితే ఆపరేషనే. ఇప్పుడున్న ఒంటితో ఆయన దానికి తట్టుకోలేరు. ముందు తిండి పెట్టి మనిషిని నిలబెట్టండి" అన్నారు.

తిండి పెట్టడం ఎంత పని అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఒకటి. అది రెండు వేల మూడో నాలుగో సంవత్సరం. డిగ్రీ అయిపోయి, రోజూ బస్సులో గుంటూరు వెళ్ళి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాను. నాకు తెలియనిది లేదనుకునే వయసు.

మా ఊళ్ళో కారం మానేయడమంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. మాఘమాసం వచ్చిందంటే కళ్ళాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉంటాయి, గాలి వీస్తే ఊరంతా తుమ్ముతుంది. నాన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండుకాయని చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు వినేవాడు. తొడిమ తుంచి వాసన చూసేవాడు. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని ఎన్నో కోత కాయో చెప్పేవాడు. సరుకు గుంటూరు మిర్చి యార్డుకి తోలేముందు మా అరుగు మీదకొచ్చి ఒక కాయ ఆయన చేతిలో పెట్టడం చుట్టుపక్కల రైతులకి అలవాటు. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఒకాయన వచ్చాడు. నాన్న కాయ తుంచి, వాసన చూసి, నాలుక దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. "బాగానే ఉందిలేరా" అని వెనక్కిచ్చేశాడు. ఆ తర్వాత ఎవరూ తేలేదు. పాపం, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదనే తేలేదు. కానీ ఆ మర్యాదే ఆయన్ని పుండు కంటే ఎక్కువ బాధపెట్టింది.

అమ్మ ఆయనకి చిన్న గిన్నెలో విడిగా వండేది. చప్పిడి పప్పు, ఉడికించిన సొరకాయ, మజ్జిగన్నం. మా పోపు వాసన తగిలి బాధపడతాడని ముందు ఆయనకి అరుగు మీద పెట్టేసి, తర్వాత మేమిద్దరం వంటింట్లో కూర్చుని తినేవాళ్ళం. ఆయన మంచికే చేస్తున్నామనుకున్నాం. నాన్న సగం తిని కంచంలో చెయ్యి కడిగేసేవాడు. నెల తిరిగేసరికి చేతి గడియారం మోచేతి దాకా జారడం మొదలుపెట్టింది. అది చూస్తే నాకు భయం వేసేది. నాకు భయమైనా ప్రేమైనా కోపంగానే బయటికొస్తుంది. "చంటిపిల్లాడివా, బతిమాలి తినిపించాలా?" అని అరిచేదాన్ని.

నొప్పి కూడా తగ్గట్లేదు. మందులు పనిచేయట్లేదేమో అనుకుంటుండగా, ఒకరోజు బస్సు తప్పిపోయి ఇంటికి తిరిగొచ్చాను. ఆకలేసి, నాన్న గిన్నెలో మిగిలిన పప్పే కలుపుకుని రెండు ముద్దలు తిన్నాను. రెండో ముద్దకి గొంతులో చురుక్కుమంది.

"అమ్మా, ఇందులో కారం వేశావా?"

"కారమేంటే? చిటికెడు వేశాను. ఆ మాత్రందాన్ని కారమంటారా ఎవరైనా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆయనకి ముద్ద దిగట్లేదు, చూడలేకపోయాను. ఇన్నేళ్ళు నా చేత్తో వండి పెట్టానే. ఆ గడ్డి పెట్టడానికి నాకు చెయ్యి రావట్లేదు."

నోటికొచ్చినట్టు తిట్టాను. నాన్నని నువ్వే చంపుతున్నావన్నాను. ఆ మాట అని ఉండాల్సింది కాదు, ఇప్పటికీ సిగ్గుపడతాను. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది. అరుగు మీద నుంచి నాన్న గొంతు వినిపించింది.

"దాన్నేమీ అనకమ్మా. నాకు మొదటిరోజే తెలిసింది."

"తెలిసీ తిన్నావా?"

"ఆ కాస్తా లేకపోతే ఆ సగం కూడా తినేవాణ్ణి కాదు."

ఇద్దరి మీదా కోపంతో మర్నాడు క్లాసు ఎగ్గొట్టి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాను. కారం లేని వంటలు ఏమేం ఉన్నాయో ప్రపంచమంతా వెతికాను. దొరికినవాటిలో చాలావరకు చూడగానే నాకే లంఖణం మేలనిపించింది. చివరికి ఒకటి దొరికింది. హవాయి దీవుల్లో ఇళ్ళల్లో వండుకునే వంట. కోడి, అల్లం, ఉప్పు, ఉల్లికాడలు, సన్నటి సేమ్యాలాంటి తీగలు. చివరిదాకా చదివినా మిరపకాయ ఊసే లేదు. ఒంట్లో నలతగా ఉంటే తింటారట, విందులు చేసుకున్నా తింటారట. నేను ఆ విందు దగ్గరే ఆగిపోయాను. మా దగ్గర చప్పిడి కూడు పథ్యానికే గానీ విందులో ఎవరు పెడతారు? రెండు కాగితాలు ప్రింటు తీయించుకుని, అల్లం కొంచెం వేయొచ్చా అని డాక్టరుగారిని అడిగి, సరేనన్నాక ఇంటికొచ్చాను.

"హవాయి అంటే చెప్పులు కదే?" అంది అమ్మ. ఇద్దరికీ మాటలు లేని ఆ రెండు రోజుల్లో తను నాతో అన్న మొదటి మాట అదే.

ఆ తీగలు పెసల పిండితో చేస్తారట, నీళ్ళలో ఉడికితే అద్దంలా కనిపిస్తాయట. గుంటూరంతా తిరిగినా దొరకలేదు. మామూలు పాయసం సేమ్యాయే కొన్నాను. ఆ ఆదివారం నాన్న కోసం చిన్న గిన్నెలో చేశాను. సేమ్యా మరీ ముందుగా వేయడంతో అంతా జావైపోయింది. అమ్మ గరిటెతో ఎత్తి చూసి, "పాయసంలో కోడి పడి చచ్చినట్టుంది" అంది. పక్క పొయ్యి మీద మా ఇద్దరికీ కోడి వేపుడు వేగుతూ ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది.

నాన్న రెండు ముద్దలు తిని ఆగాడు.

"బాగాలేదా?" అన్నాను.

"బాగానే ఉందమ్మా. అరుగు మీద ఒక్కణ్ణే కూర్చుని తింటుంటే కుక్కకి పెట్టినట్టుంది."

ఆయన మామూలుగానే అన్నాడు, నిష్ఠూరంగా కాదు. నెలన్నర నుంచి నేను ఆయన కంచంలో ఏముందో చూస్తున్నాను గానీ, ఆ కంచం ఎక్కడుందో చూడలేదు.

తర్వాతి ఆదివారం కారం డబ్బా, ఆవకాయ జాడీ, ఎండుమిరపకాయల బుట్ట తీసుకెళ్ళి కొట్టుగదిలో పెట్టి తాళం వేశాను. ఇక ఇంట్లో ఒకే గిన్నె, ఒకే వంట అన్నాను. "ఆదివారం పూట కారం లేని కోడా! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. తాళంచెవి నా చున్నీ కొంగుకి కట్టుకున్నాను.

నాటుకోడిని ఎముకలతో సహా నీళ్ళలో వేసి, అల్లం దంచి వేసి, ఉప్పు వేసి సన్నమంట మీద పెట్టాను. కుక్కర్లో పెట్టమని అమ్మ అంది గానీ కాగితంలో నిదానంగా ఉడకాలని ఉంది. రెండు గంటలు పట్టింది. నీళ్ళు పసుపుపచ్చగా తేరి, పైన నూనె చుక్కలు తేలాయి. ముక్కలు బయటికి తీసి, కాలుతుంటే ఊదుకుంటూ ఎముకల నుంచి కండ విడదీశాను. అమ్మ కాసేపు చూసి, నా చేతులు కాలుతున్నాయని తనే లాక్కుంది. కండ మళ్ళీ ఆ నీళ్ళలో వేసి, ఈసారి సేమ్యా దోరగా వేయించి దించే ముందు కలిపాను. పైన ఉల్లికాడలు తరిగి చల్లాను. పొయ్యి మీద ఇంకో గిన్నె లేదు.

ముగ్గురం వంటింట్లో పీటలేసుకుని కూర్చున్నాం. నాన్న ముందు అమ్మ కంచంలోకి చూశాడు, తర్వాత నా కంచంలోకి.

"ఆవకాయ ఏదే?" అని అడిగాడు అమ్మని.

"లేదు. మీ కూతురు తాళమేసింది."

నాన్న నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి. "చప్పగా ఏడ్చింది" అంటూనే తిన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. గిన్నెలో అడుగున మిగిలిన నీళ్ళు కూడా తాగేశాడు. అమ్మ మాత్రం ఆముదం తాగుతున్న దానిలా ఒక్కో ముద్దా మింగింది, కానీ కంచంలో ఒక్క మెతుకు వదల్లేదు.

ఆ రోజు నుంచి పప్పయినా కూరయినా ముగ్గురికీ ఒకటే. నేను పెద్ద త్యాగమేమీ చేయలేదు. గుంటూరు బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిని, నోరు కడుక్కుని మరీ బస్సెక్కేదాన్ని. అమ్మకి ఆ దారి లేదు. తిన్నాక చెయ్యి కడుక్కొస్తానని దొడ్లోకి వెళ్ళి చాలాసేపు ఉండేది. ఒకరోజు వెనకాలే వెళ్ళాను. కట్టెల మోపు పక్కన నిలబడి, అరచేతిలో దాచి తెచ్చుకున్న అన్నం ముద్ద ఒక చేత్తో తింటూ, కళ్ళంలో ఏరుకొచ్చిన ఎండుమిరపకాయ ఇంకో చేత్తో పట్టుకుని కొరుక్కుంటోంది. నన్ను చూసి పట్టుబడ్డ చిన్నపిల్లలా బిత్తరపోయింది.

"ఒక్కటేనే. మీ నాన్నకి చెప్పకు" అంది.

చెప్పలేదు. ఉగాది వెళ్ళాక డాక్టరుగారు మళ్ళీ పరీక్ష చేసి, పుండు మానుతోందనీ, ఆపరేషన్ మాట ఇప్పట్లో లేదనీ అన్నారు. గడియారం మణికట్టు దగ్గరే ఆగుతోంది. ఆ ఆదివారం మళ్ళీ హవాయి కోడి వండాను. కంచాలు పెట్టేసరికి నాన్న లేడు. కళ్ళం వైపు నుంచి వచ్చాడు, చేతిలో ఒకే ఒక్క ఎండుకాయ. మంచి రంగు, నిగనిగలాడుతోంది. చెవి దగ్గర ఊపాడు. తొడిమ తుంచి వాసన చూశాడు. ఆపుదామని నేను సగం లేచాను.

ఆయన దాన్ని అమ్మ కంచం అంచున పెట్టాడు.

"ఎన్నాళ్ళని దొడ్లో నిలబడి తింటావే? ఇక్కడ కూర్చుని కొరుక్కో. నేను చూస్తూ తింటాలే, నాకేం కాదు" అన్నాడు.

అమ్మ కాయ చేతిలోకి తీసుకుని తల వంచుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "అబ్బ, ఎంత కారమో" అంది కొంగుతో తుడుచుకుంటూ.

అప్పటికింకా ఆమె దాన్ని కొరకనే లేదు.