జోడు సాళ్లు, ఒక్క నోరు

మొక్కజొన్న కోసే యంత్రానికి ముందు భాగంలో ముక్కులుంటాయి, నోళ్లుంటాయి. చెవులు మాత్రం ఉండవు. అందుకే మా అక్క గోడు ఏ యంత్రమూ వినడం లేదని ఆ యాసంగి చివర్లో నేనొక మాట అన్నాను. అక్క నవ్వలేదు. చేను ఎండి కోతకు నిలబడి ఉన్నప్పుడు హాస్యం పండదని నాకప్పుడు తెలిసింది.

అక్క వాళ్ల చేను చండ్రుగొండ అవతల, అడవి అంచును ఆనుకొని ఉంటుంది. బావది బొగ్గు గనిలో ఉద్యోగం కాబట్టి సేద్యమంతా అక్కదే. నాది సారపాకలో కాగితాల మధ్య కొలువు. సెలవు దొరికితే వెళ్లి సాయం చేస్తుంటాను. సాయమని నేనంటాను. అక్క దానికి వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయదగింది కాదు.

ఆ ఏడు మిరపతోటకు తెగులు తగిలి ముందే పోయింది. మొక్కలు పీకేశారు గానీ డ్రిప్పు పైపులు చేను నిండా పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. వాటిని చుట్టి, దున్ని, మళ్లీ పరిచే పని ఎందుకని అక్క ఒక ఉపాయం చేసింది. ఒక్కో పైపుకు అటొకటి ఇటొకటిగా, జానెడు ఎడంతో రెండేసి సాళ్లు మొక్కజొన్న పెట్టించింది. జంటకూ జంటకూ మధ్య మాత్రం మిరపకు వదిలినంత ఖాళీ అట్లాగే ఉండిపోయింది. మా వైపు నాటే ముందు చేను మీద గీతలు గీసే కొయ్య పనిముట్టును అచ్చు అంటారు. మా వాళ్ల చేతికి వచ్చిన అచ్చు మిరపదే, కంటికి అలవాటైన కొలతా మిరపదే. మిరప అచ్చులో మొక్కజొన్న మొలిచింది. కాగితాల ఉద్యోగిని కదా, దీన్ని అచ్చుతప్పు అందామని నోటిదాకా వచ్చింది. అక్క చేతిలో పార ఉండటం చూసి ఆగిపోయాను.

పక్క చేను పెద్దమనిషి ఆగలేదు. రోజూ పొద్దున గట్టు మీద నిలబడి, "ఏంది చెల్లె, ఒక్క సాలు సాలదా నీకు?" అని అడిగేవాడు.

"నీళ్లొచ్చే పైపు ఒకటేనన్నా. తాగేటోళ్లు ఇద్దరైతే నీకేంది?" అని అక్క కూడా రోజూ అదే జవాబు చెప్పేది. ఇద్దరికీ విసుగు రాలేదు.

పైరు మాత్రం పెద్దమనిషి గట్టు మీద ఎక్కువసేపు నిలబడటం మానేసేంత బాగా వచ్చింది. ఖాళీల్లోంచి ఎండా గాలీ ఆడటంతో దంట్లు లావెక్కాయి. మొక్కకొక కంకి, నా మోచేతి నుంచి మణికట్టు దాకా. నా చెయ్యి పొట్టిదేనని అక్క అంటుంది, అయినా కంకి కంకే.

చిక్కు కోతకు వచ్చింది. మా దగ్గర తిరిగే కోత యంత్రాలకు ముందు అయిదు నోళ్లుంటాయి, నోటికీ నోటికీ మధ్య రెండడుగులు, ఆ ఎడంలో సాళ్లను విడదీసే మొనదేలిన ముక్కు. ఒక సాలుకు ఒక నోరు. అక్క చేలో మొదటి నోటికి ఒక జంట సాళ్లు ఎదురైతే రెండో నోటికి వట్టి నేల ఎదురవుతుంది. మూడో దాని ముక్కు నేరుగా వెళ్లి ఇంకో జంట మీద పడుతుంది. ముక్కుసూటిగా పోవడం అన్ని వేళలా గొప్ప గుణం కాదు. మొదట వచ్చిన యంత్రం ఆయన దిగి చూసి, తల ఊపి, ఎక్కి వెళ్లిపోయాడు. రెండో ఆయన దిగనే లేదు.

చేత్తో విరిపిద్దామంటే కూలీలంతా పెద్ద మిరపతోటల్లో కాయ ఏరుతున్నారు. ఇక్కడేమో పగలు కోతులు, రాత్రి పందులు, పైన మబ్బులు. ముగ్గురికీ మా చేను దారి తెలుసు. ఈ పంట ఇంటికి రాకపోతే వచ్చే ఏడు చేను కౌలుకిచ్చేద్దామని బావ అనేశాడు. కోపంతో అన్నది కాదు, అక్క పడే కష్టం చూడలేక అన్నాడు. కోపమైతే అక్క బదులు చెప్పేది. జాలికి ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఆ రోజంతా నాతోనూ మాట్లాడలేదు, నా మీద ఒక్క చురకా వేయలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మూడో ఆయన తిరుమలాయపాలెం వైపు నుంచి వచ్చాడు. యంత్రం ఆయనదే, నడిపేదీ ఆయనే. చేరకముందే ఆయన మాట చేరుతుంది, అంత పెద్ద గొంతు. తన యంత్రం కోయని చేను ఈ జిల్లాలో లేదని గేటు దగ్గరే చెప్పేశాడు. తరువాత ఆ జంట సాళ్ల మధ్య దూరి, చేను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి, మొహమంతా ఆకుగీతలతో బయటికి వచ్చాడు. ఇతను కూడా వెళ్లిపోతాడని నేను అతని చెప్పుల వైపే చూస్తున్నాను.

"అక్కా, చేను మంచిగనే ఉంది. నా మిషనే మంచిగ లేదు" అన్నాడు.

తప్పు చేనుది కాదన్న మొదటి మనిషి అతనే. అక్క లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

అతని ఆలోచన ఇది. అయిదు నోళ్లలో రెండింటిని విప్పి పక్కన పెట్టాలి. మిగిలిన మూడింటినీ జంటల నడిమికి సరిపోయేలా జరపాలి. ఒక్కో నోరు రెండేసి సాళ్లను మింగాలి. దానికి నోళ్లను మోసే ఇనుప కమ్మీని కోసి, కొత్త చోట వెల్డింగ్ పెట్టిస్తానన్నాడు. కోత యంత్రాన్నే కోసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు కాబట్టి నాకు ముచ్చటేసింది. అక్క మాత్రం ఒప్పుకోలేదు. అతను తరువాత కోయాల్సిన చేలన్నీ ఒంటి సాళ్లవే. ఇక్కడ కోసి అతికిస్తే అక్కడికి పనికి రాదు.

"నా చేను కోసేతందుకు నీ బతుకు కోసుకుంటవా తమ్మీ? కొయ్యకుంట అయ్యేది చెప్పు" అంది.

పంట పోతే చేను చేతిలోంచి పోయేది ఆమెకు. అయినా ఎదుటి మనిషి సరంజామా చెడుతుందని ఆలోచించింది. పక్కనున్న నేనయితే కోయమని రెండుసార్లు చెప్పి ఉండేవాణ్ని.

అతను గడ్డం గోక్కుంటూ కాసేపు తిరిగాడు. మర్నాడు చండ్రుగొండలో మందమైన ఇనుప పలకలకు గుండ్రటి బెజ్జాలు కాకుండా పొడుగాటి గాడులు కొట్టించుకొచ్చాడు. రెండు నోళ్లు విప్పి పక్కన పెట్టి, ఆ పలకలను కమ్మీకి బిగించి, మిగిలిన మూడు నోళ్లనూ వాటి మీద నిలిపాడు. బోల్టు వదులు చేస్తే నోరు ఆ గాడి వెంట అటూ ఇటూ జరుగుతుంది, బిగిస్తే నిలుస్తుంది. నోళ్ల మధ్య ఎడం పెరిగింది కనుక అక్కడ కంకులు నేల పాలు కాకుండా అక్క ఇంట్లోని పాత ధాన్యం డబ్బా రేకును వంచి, బోర్లించి, పెద్ద ముక్కులు చేశాడు. కంకిని దంటు నుంచి ఒలిచే పట్టీల సందును కాస్త వెడల్పు చేశాడు. పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. పానా అందించమంటే నేను వేరే సైజు అందించాను, వేరే సైజు అడిగితే మొదటిది అందించాను. ఆ తరువాత అక్క నన్ను, యంత్రం కింద పడి నలగకుండా, పైపులు లాగడానికి పంపింది.

జంట సాళ్ల మధ్య ఎండిన ఆకుల్లోంచి పైపు లాగడమంటే రంపాలు ఆరేసిన దండెం కింద దూరడం. ఆఫీసులో కాగితం అంచుకు వేలు తెగితే సెలవు అడిగిన మనిషిని నేను. ఆ రోజు నా చేతుల మీద గీతలు చూసి, జాతకం ఇప్పుడు వివరంగా ఉందని అక్క అంది. చురక వేసిందంటే ధైర్యం వచ్చినట్టే. గీతలు మంటపెట్టినా నాకు సంతోషమే అనిపించింది.

యంత్రం చేలోకి దిగింది. మూడు నోళ్లూ మూడు జంటల మీదికి సరిగ్గా వెళ్లాయి. కొంత దూరం బాగా నడిచింది, నేను చప్పట్లు కూడా కొట్టాను. అంతలో నడిమి నోరు గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయింది. రెండు దంట్లు పక్కపక్కన ఒకేసారి దూరబోయి ఇరుక్కున్నాయి. గొలుసు తిరగలేదు, కంకులు బయట రాలాయి. అతను దిగి పీకేశాడు. మళ్లీ కొంత నడిచింది, మళ్లీ పట్టేసింది.

వెనకాల తట్టతో రాలిన కంకులు ఏరుతూ వస్తున్న అక్క ఆ చోటు వంగి చూసింది. గింజలు పెట్టించినప్పుడు పైపుకు అటొకరు ఇటొకరుగా ఇద్దరేసి ఆడవాళ్లను నడిపించింది ఆమె. ఎదురెదురుగా పెట్టొద్దు, ఒకరి గింజ ఇంకొకరి రెండు గింజల నడిమికి రావాలని మరీ మరీ చెప్పింది. నోరు మూసుకొని పెట్టిన చోట అట్లాగే వచ్చింది. కబుర్లలో పడ్డ చోట ఇద్దరూ ఒకేసారి వంగారు, ఒకేసారి లేచారు. మాట కలిసిన చోటల్లా గింజా కలిసింది. ఇది ఫలానా తోడికోడళ్ల సాలని అక్క అక్కడికక్కడే గుర్తుపట్టింది. వాళ్లకు అత్త సంగతి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో మొక్కల్ని చూసి చెప్పొచ్చు. పాపం, ఆ అత్త ఇంట్లో పట్టలేదు, ఈ యంత్రం గొంతులోనూ పట్టలేదు.

నవ్వడానికి వ్యవధి లేకపోయింది. అడవి వైపు ఆకాశం సీసం రంగుకు తిరిగింది. యంత్రం ఆయన గట్టు మీద కూర్చున్నాడు. వచ్చిన దగ్గర నుంచి అతను మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి. ఇంకో గంట చూసి నోళ్లు విప్పుకొని వెళ్తానని, తనను ఏమీ అనుకోవద్దని మెల్లగా చెప్పాడు. ఆ గొంతు మెల్లగా పలకడం విని పక్క చేను పెద్దమనిషి కూడా మా వైపు వచ్చి నిలబడ్డాడు.

అక్క ఆగి ఉన్న యంత్రం ముందు గొంతుక్కూర్చుని నోట్లోకి చూసింది. ప్రతి నోటికీ రెండు దవడల్లా రెండు గొలుసులుంటాయి. వాటికి ఇనుప వేళ్లుంటాయి. ఆ వేళ్లే దంటును లోపలికి లాగుతాయి. అటు వేలూ ఇటు వేలూ సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి.

"ఇవి రెండు ఒక్కసారే ఎందుకొస్తయి?" అని అడిగింది.

"కంపెనోళ్లు గట్లనే పెట్టిండ్రక్కా. ఒంటి సాలుకు గట్లనే ఉండాలె."

"ఒక్క రోట్ల ఇద్దరం కారం దంచుతం. ఇద్దరం ఒక్కసారే ఏస్తమా? ఏస్తే రోకళ్లు కొట్టుకుంటయి. నాది లేస్తుంటే దానిది దిగుతది. ఒకటి పోవాలె, ఒకటి ఆగాలె."

మిరప పండే ఊళ్లలో ఏడాదికి సరిపడా కారం ఇట్లాగే దంచుకునేవాళ్లు. మా అక్క ఇంట్లో ఇప్పటికీ దంచుతారు. నేను చిన్నప్పటి నుంచి చూసిందే. ఆ ఘాటుకు తుమ్ముతూ దూరంగా పారిపోవడం తప్ప అందులోంచి నేనేమీ నేర్చుకోలేదు.

అతను లేచి పానా తీసుకున్నాడు. ప్రతి నోట్లోనూ ఒక పక్క గొలుసును వదులు చేసి, కొన్ని పళ్లు జరిపి, ఆ వేళ్లు అవతలి గొలుసు వేళ్ల సందుల్లోకి వచ్చేలా మళ్లీ బిగించాడు. అయ్యేదాకా ముగ్గురం ఆకాశాన్నీ అతన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాం.

ఈసారి యంత్రం ఎప్పుడూ నడిచే వేగం కంటే నెమ్మదిగా బయలుదేరింది. తోడికోడళ్ల సాలు వచ్చింది. ఎదురెదురు దంట్లలో ఎడమది లోపలికి వెళ్లింది. కుడిది అర క్షణం వంగి ఆగి, దాని వెనకే వెళ్లింది. చప్పుడు తెగలేదు. ఒకదాని వెంట ఒకటి పడే రోకలి పోటు లాంటి చప్పుడే. అక్క తట్ట పట్టుకొని వెనకాలే నడిచింది. చివరి దాకా వెళ్లి తిరిగొచ్చినా తట్ట అడుగు కనిపిస్తూనే ఉంది. ఆ మనిషి యంత్రం మీద నుంచి వెనక్కి తిరిగి తట్ట వైపు చూసి, మళ్లీ పెద్ద గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మోతలో ఒక్క మాటా వినిపించలేదు. ఏమంటున్నాడో మాకు తెలుసు.

సాయంత్రానికి, యంత్రం కడుపులోనే ఒలిచిన గింజలను చివరి ట్రక్కు ఇంటి ముందు పోస్తుండగా చినుకులు మొదలయ్యాయి. పరదా కప్పుతుంటే ఒక చివర పట్టుకున్నది నేను, రెండో చివర పట్టుకున్నది పక్క చేను పెద్దమనిషి. ఆయన సాళ్ల గురించి ఏమీ అడగలేదు. అంచుల మీద రాళ్లు పెట్టి, చేతులు దులుపుకొని, తడుస్తూ ఇంటికి వెళ్లాడు.

బావ డ్యూటీ దిగి వచ్చేసరికి మేమంతా వసారాలో ఉన్నాం. పరదా అంచు ఎత్తి, గింజల్లోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి చూశాడు. మంచిదన్నట్టు తల ఊపాడు. కౌలు మాట ఎత్తలేదు, వద్దనుకున్నట్టూ చెప్పలేదు. అక్కా అడగలేదు.

పొద్దున్నే వాన వెలిసింది. యంత్రం ఆయన మళ్లీ అయిదు నోళ్లు బిగించుకొని వేరే ఊరికి బయలుదేరాలి. పలకలు విప్పే ముందు జేబులోంచి చిన్న రంగుడబ్బా తీశాడు. నోళ్లు నిలిచిన చోట గాడి మీద ఒక ఎర్ర గీత, గొలుసు జరిపిన పంటి మీద ఒక ఎర్ర చుక్క పెట్టాడు. మూడు నోళ్లకూ ఓపికగా పెట్టాడు. బావ అతని దగ్గరికి వెళ్లి అదేమిటని అడిగాడు.

"వచ్చే ఏడు మళ్ల కొలుసుడెందుకన్నా? గీత చూసి బిగించుడే" అన్నాడతను, తల ఎత్తకుండానే.

బావ ఆ గీతల్ని చూశాడు, చాయ్ గ్లాసులతో వస్తున్న అక్కను చూశాడు.

"అయితే కౌలుకిచ్చేది లేదన్నట్టేనా?" అన్నాడు.

"ఇంకెక్కడి కౌలు? చాయ్ సల్లారుతది, తాగు" అంది అక్క.