తాగుబోతని నేను చాటిన మా తాత

మద్యపానం మహాపాతకమని చెప్పినప్పుడల్లా మా తాత నర్సయ్యనే చూపించేవాణ్ణి. ఇరవై ఏళ్లు, ఊరూరి భజన మందిరాల్లో! నైజాం కాలంలో మిల్లు బట్ట వచ్చి ఆయన మగ్గాన్ని మూలన పడేస్తే, ఆ మిల్లు బట్టే నేయడానికి సోలాపూర్ పోయాడు. ఎప్పుడైనా ఊరికొస్తే ఎర్రటి కళ్లు, వీధి దద్దరిల్లే అరుపులు, పిలిస్తే పలకడు. తాగుబోతన్నారు. మా నాయనమ్మ తలుపేసింది. ఆ పాపి చివరికి ఏ మురికి కాలువలో పడ్డాడో తెలుసుకుంటే ప్రవచనానికి మంచి ముగింపు దొరుకుతుందని తొంభైల మొదట్లో బయల్దేరాను.

హైదరాబాదులో పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే జహీరాబాదు, ఉమర్గా మీదుగా రెండింటికల్లా సోలాపూర్. సంచిలో పురాణం, రెండు ధోవతులు. అక్కడి నుంచి తెలుగు నేతవాళ్ల పేట అశోక్ చౌక్‌కు ఆటోలో పది రూపాయలు. ఊళ్లో చెప్పిన గుర్తులతో మల్లేశం ఇల్లు పట్టుకున్నాను. అతని తండ్రీ మా తాతా ఒకే మిల్లులో పనిచేశారు. ముందుగదిలో నాలుగు మరమగ్గాలు తువ్వాళ్లు నేస్తున్నాయి. వెనక మల్లేశం తల్లి లచ్చవ్వ బీడీలు చుడుతోంది. గాలి నిండా దూది నుసి. గంటసేపు ఏదడిగినా గొంతు చించుకోవాల్సి వచ్చింది.

నాలుగింటికి కరెంటు పోయింది.

"మా తాత ఎట్లా చచ్చాడు? తాగి తాగేనా?" అన్నాను.

మల్లేశం నవ్వాడు. "గంత గట్టిగ ఒర్రుడెందుకు సారూ, మగ్గాలు బందైనయ్ గదా! కండ్లు గూడ ఎర్రగైనయ్, కడుక్కోండ్రి."

లచ్చవ్వ నా పెదవులే చూస్తోంది. "ఏందిరా బిడ్డా, నర్సయ్య తాగుడా? చుక్క ముట్టలే. గిర్నీల మగ్గాల మోతకు చెవులు పోయినయ్. తన మాట తనకే ఇనవడక ఒర్రేటోడు. పెండ్లాం తలుపేసిందని మల్ల ఊరికి పోలే. నువ్వు గంటకే గిట్లైతివి, ఆయన ముప్పై ఏండ్లు చేసిండు."

నేను ప్రవచనాల్లో ఏం చెప్పేవాణ్ణో చెప్పాను. ఆమె చేతిలో ఆకు ఆగింది.

"ఇన్ని ఊర్లు తిరిగి చెప్పినవ్. ఈడికొచ్చి ఒక్కపారి అడుగకపోతివి?"

చేయని పాపాన్ని ఒకరి మీద మోపితే అది మోపినవాడికే అంటుతుందంటుంది శాస్త్రం. ఆ లెక్కన ఇరవై ఏళ్లుగా మహాపాతకిని నేనే. తాత బతికిన కాలం ఎలాంటిదో తెలియకుండానే తీర్పు చెప్పాను. మా నాయనమ్మ ఆ అబద్ధాన్ని నమ్మే కన్నుమూసింది. ఆమెకు చెప్పే దారి లేదు. మిగిలినవి ఆ మందిరాలు. ఒక్కోదానికీ తిరిగి వెళ్తున్నాను. మద్యం గురించి చెప్పమంటున్నారు. మా తాత చెవుల గురించి చెప్పి దిగిపోతున్నాను.

మీరూ మీవాళ్ల కోసం ఆ పేటలకు వెళ్తే, మగ్గాలు ఆగేదాకా ఆగండి. ముసలివాళ్లకు ఎదురుగా, వెలుతురులో కూర్చోండి. వాళ్లు పెదవులు చూసి వింటారు.