ఆకుపచ్చ ఊళ్లు

ఈమధ్య ఎవరైనా "ఏం పని చేస్తారండీ?" అని అడిగితే యమునకు జవాబు చెప్పబుద్ధి కావడం లేదు. పురుగు రాకముందే వస్తుందని చెప్పే ఉద్యోగం ఆమెది. వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో కూర్చుని, ఊరూరా పత్తి చేలల్లో పెట్టించిన ఎరల ఫొటోలు చూసి, వాటిలో రెక్కల పురుగులు ఎన్ని చిక్కాయో, ఎండ ఎంతుందో, గాలిలో తేమ ఎంతుందో కలిపి లెక్కగట్టి వారానికోసారి పటానికి రంగులు వేస్తుంది. ఎరుపు పడ్డ ఊరికి ముప్పు. ఆకుపచ్చ పడితే గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు.

వినడానికి బాగానే ఉంటుంది. ఎరుపు వేస్తే రైతులు మందు కొడతారు, పురుగు రాదు, "ఏదమ్మా నీ పురుగు? ఉత్తగనే కొట్టిస్తివి" అంటారు. వేయనప్పుడు పురుగు వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏళ్ల తరబడి ఇదే వరస. అలసట సెలవు పెడితే తీరే దశ ఎప్పుడో దాటిపోయింది.

పటంలోని గనుల వైపు ఊళ్లకు ఆమె పరాయిదేం కాదు. గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లలో పుట్టింది. తండ్రి సదయ్య భూగర్భ గనిలో షిఫ్టులు చేసి రిటైరయ్యాడు. తల్లి పూలమ్మ చేతిలో ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉండేది. బొగ్గు దుమ్ము రాలే ఆ వైపు ఇళ్లలో చుట్టం వస్తే ముందు కుర్చీ తుడవాలి, ఆ తర్వాతే మంచినీళ్లు. తుడవని కుర్చీ చూపిస్తే పొమ్మన్నట్టే. హైదరాబాదు హాస్టల్లో యమున తళతళలాడే బెంచీని కూడా చున్నీతో తుడిచి కూర్చుంటే స్నేహితురాళ్లు పడీపడీ నవ్వేవారు.

ఎరల ఫొటోలు పంపే రైతుల్లో సారక్క ఒకరు. ఆమెది సెంటినరీ కాలనీ అవతలి ఊరు. ఓపెన్‌కాస్టు గని పక్కనే చేను. భర్త ముత్యం గనిలో డ్యూటీ చేస్తాడు, సేద్యమంతా సారక్కదే. గులాబీ రంగు పురుగు కోసం పెట్టిన ఎర ఆమె చేనులోనే ఉంది. చిన్న గూడులాంటి పెట్టె, లోపల వాసన బిళ్ల, అడుగున జిగురు పూసిన తెల్ల అట్ట. వారం వారం సారక్క ఫొటో పంపేది. అట్ట మీద ఒక్క పురుగూ ఉండేది కాదు. యమున ఆ ఊరికి ఆకుపచ్చ వేసింది.

పత్తి పూత మీద ఉన్నప్పుడు సారక్క ఒకసారి ఫోన్ చేసింది.

"చెల్లె, పక్క చేనోళ్లు మందు కొడుతుండ్రు. నేను గూడ కొట్టాల్నా?"

"వద్దక్కా. నీ దగ్గర పురుగు లేదు."

సారక్క కొట్టలేదు. కాయ పగిలే రోజులొచ్చాక మళ్లీ ఫోన్ వచ్చింది, ఈసారి ఒక్క మాటే: "జర వచ్చి చూడు, చెల్లె."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పురుగు కాయలోపల కూర్చుని తినే దొంగ. సారక్క చేనుకు వెళ్లి యమున ఒక కాయ విప్పింది, ఇంకోటి విప్పింది. దూది గోధుమరంగుకు తిరిగి గింజకు అంటుకుపోయి ఉంది. మధ్యలో గులాబీ రంగు పురుగు హాయిగా మెసులుతోంది.

"మీ పటంల మా ఊరు ఆకుపచ్చగుండె గద, మేడం," అన్నాడు ముత్యం.

"చెల్లెనెందుకంటవ్? ఆమె పంపిందా పురుగును?" అని సారక్క కసిరింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది యమునకు.

ఆమె ఎర వైపు నడిచింది. సారక్క గబగబా ముందుకెళ్లి, బొడ్లోంచి గుడ్డ తీసింది.

"ఆగు చెల్లె, దుమ్మున్నది." పెట్టెలోంచి అట్ట లాగి శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టింది. డీజిల్ వాసన గుప్పుమంది.

"రోజూ తుడుస్తవా, అక్కా?"

"తుడవకుంటెట్ల? బ్లాస్టింగ్ అయినంక నల్లగైతది. నీళ్లకు పోతలేదు, గీ డీజిల్ గుడ్డకు పోతది. నీ ఆఫీసుల అందరు చూసే ఫొటోనాయె. మా ఊరి ఇజ్జత్ గద."

యమున వేలితో అట్టను తాకింది. అద్దంలా నున్నగా ఉంది, జిగురు జాడే లేదు. బొగ్గు గని పక్కన వారం రోజులున్న అట్ట అంత తెల్లగా ఎలా ఉందని, ఏ గుంటూరు వాడైనా మొదటి ఫొటోకే అడిగేవాడు. ఆమె అడగలేదు. తుడిచి ఉండడమే ఆమె కంటికి మామూలు.

చెప్పకుండా వెళ్లిపోవచ్చు. వాతావరణం మీద నెట్టేయవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది.

"అక్కా, పురుగు అంటుకునేది ఆ జిగురుకే. తుడిస్తే జిగురు పోతది. నీకు ముందే చెప్పాల్సింది, చెప్పలే. ఫొటో చూసి పట్టుకోవాల్సింది, పట్టుకోలే. తప్పు నాది."

సారక్క గుడ్డ వైపు చూసుకుంది. "అంటే నా చేతులతోనే..." అని ఆగిపోయింది. గుడ్డను పక్కన పడేసి అడిగింది: "పత్తి దక్కుతదా?"

"దక్కదక్కా."

ముత్యం తల తిప్పుకున్నాడు. సారక్కే మళ్లీ అంది: "గనుల పక్కూర్లల్ల అందరం గిట్లనే తుడుస్తం గద?"

పటం యమున కళ్ల ముందు కదిలింది. గనుల వెంబడి మందమర్రి దాకా ఊళ్లన్నీ ఆకుపచ్చే. అక్కడే నిలబడి, ఆ ఊళ్లలో ఒకదానిలో ఎర పెట్టుకున్న రైతు ఎల్లన్నకు ఫోన్ చేసింది. వానలకు విత్తనం ఆలస్యమై అతని చేను ఇంకా పూత మీదే ఉంది.

"అట్టనా మేడం? ఇప్పుడే తుడిసిన. ఫొటో పంపాల్నా?"

"వద్దన్నా. చేనులకు పో. పురుగు పడితే పువ్వు విచ్చుకోదు, ముడుచుకునే ఉంటది. అసొంటియి ఉన్నయా చూడు."

ఫోన్లో అడుగుల చప్పుడు, ఆకుల చప్పుడు. తర్వాత అతని గొంతు: "ఉన్నయి మేడం. చానా ఉన్నయి."

"అన్నీ ఏరి కాలబెట్టు. రేపే మందు కొట్టు."

"వానిది దక్కుతదా?" అంది సారక్క.

"దక్కుతదక్కా. ఇంకా కాయలకు పోలే."

"అయితే ఇంకోళ్లకు చెయ్యి, జల్ది. నన్ను చూసుకుంట నిలవడకు," అంటూనే సారక్క గట్టు మీద కూలబడి బావురుమంది. ఆమె పక్కన కూర్చుని, ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని, యమున రెండో ఊరి నంబరు నొక్కింది.